దోహా నుంచి ఆక్లాండుకు పదహారు గంటలు

దోహా,
జూన్ 5, గురువారం

ప్రియమైన బాపుకు,

ఎట్లున్నావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను.

గురువారం వస్తే చెయ్యి ఊరుకోవడం లేదు. జనగామ హాస్టల్లో ఏడేళ్ళు గురువారం గురువారం మాతో ఉత్తరాలు రాయించారు కదా. ఇప్పుడు వార్డెన్ మేడం లేదు, అడిగేవాళ్ళు లేరు, అయినా సాయంత్రానికి కాగితం ముందు కూర్చుంటున్నాను. ఫోనేమో పూర్తిగా అమ్మది. నువ్వు "బాగున్నవా బిడ్డా, ఆగు, మీ అమ్మకిస్త" అని ఫోను దాటేస్తావు. కాబట్టి నీ వాటాకు ఉత్తరాలే.

ఇక్కడి నుంచి పోస్టు చేస్తే నెల పట్టేట్టుంది. మా సిబ్బందిలో ఎవరో ఒకరు హైదరాబాదు విమానంలో వస్తూనే ఉంటారు, వాళ్ళ చేతికిచ్చి అక్కడ డబ్బాలో వేయిస్తున్నాను. నువ్వు రాసేవి షారోన్ పేరు మీద శంషాబాద్ పంపు. షారోన్ గుర్తుంది కదా, మహబూబాబాద్ పిల్ల, హాస్టల్లో నా పక్క మంచం. ఇప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలోనే పని చేస్తోంది. తను నాకు చేరుస్తుంది.

ఇక అసలు సంగతి. నన్ను ఆక్లాండు విమానంలో డ్యూటీకి వేశారు. న్యూజిలాండులో ఉంటుంది ఆ ఊరు. ఇక్కడి నుంచి పద్నాలుగున్నర వేల కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా దిగకుండా పదహారు గంటలు. లోకంలో ఇంత పొడవైన ప్రయాణాలు కొన్నే ఉన్నాయట. నీ షిఫ్టులు రెండు కలిపితే నాది ఒకటి.

అమ్మకు చెప్పు, అన్నం వేళకే తింటున్నాను.

నీ గురువారం పిల్ల,
ప్రత్యూష


భూపాలపల్లి,
జూన్ 14

ప్రియమైన బిడ్డ ప్రత్యూషకు,

ఉత్తరం అందింది. మీ అమ్మ మోకాలు అట్లాగే ఉంది. నొప్పి తగ్గితే నన్ను తిట్టడానికి సాకు ఉండదని తగ్గనివ్వడం లేదేమో.

రిటైరై మూడు నెలలైంది. పొద్దున అయిదింటికి మెలకువ వస్తుంది, పోవడానికి బొగ్గుబావి ఉండదు. చేతికి పని లేని మనిషిని ఇంట్లో పెట్టుకోవడం మీ అమ్మకు కూడా కొత్తే. "నువ్వు జర బయటకన్న పో, లేకపోతే ఏదన్న లెక్కవెట్టుకుంట కూసో" అంటోంది. నువ్వు మంచి లెక్కే పంపించావు.

తొర్రూరులో ఒక చిన్న బడి ఎత్తేస్తుంటే మీ చిన్నమ్మ అక్కడి నుంచి గ్లోబు తెచ్చి ఇచ్చింది. దానికి కాలు విరిగింది. మంచినీళ్ళ కుండ దింపి, ఆ కుదురు మీద భూగోళాన్ని కూర్చోబెట్టాను. కుండ నేల మీద ఉంది, మీ అమ్మ దాని గురించి రోజూ ఒకసారి మాట్లాడుతుంది.

భూమి నడుముకు దారం చుట్టి స్కేలు మీద పెడితే తొంభై నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. అసలు భూమి చుట్టు నలభై వేల కిలోమీటర్లు కాబట్టి సెంటీమీటరుకు సుమారు నాలుగు వందల ఇరవై అయిదు. దోహా మీద వేలు పెట్టి ఆక్లాండు దాకా దారం బిగించి లాగాను. మన దేశం కింది కొసను రాసుకుంటూ, సముద్రం దాటి, ఆస్ట్రేలియా మీదుగా పోయింది. ముప్ఫై నాలుగు సెంటీమీటర్ల చిల్లర. నీ పద్నాలుగున్నర వేలు సరిపోయింది. సంతోషం. ఇక్కడి నుంచి జనగామ పోవాలంటే హనుమకొండలో బస్సు మారి నాలుగు గంటలు కూర్చోవాలి, తెలుసుగా. నీ నాలుగు గంటల్లో నువ్వు దేశాలు దాటిపోతావు.

ఒక నోటుబుక్కు పెట్టాను. రెండు గళ్ళు గీశాను: 'పోయింది', 'వచ్చింది'. నువ్వు ఏ రోజు ఎక్కావో, ఏ రోజు తిరిగి వచ్చావో రాస్తాను. ఇది మా బావి పద్ధతి. కిందికి దిగే ప్రతి మనిషీ ల్యాంపు రూములో తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. ల్యాంపు రూము అతను మనిషి ముఖం చూసి, వాడి చేతి నుంచే దీపం అందుకోవాలి. "వాడు పైకొచ్చిండు, వాని దీపం నేను తెచ్చిన" అని ఇంకొకడు ఇస్తే 'వచ్చింది' గళ్ళో టిక్కు పెట్టకూడదు. అది రూలు.

నీ విషయంలో ముఖం చూడడం కుదరదు కాబట్టి ఉత్తరం చూసే టిక్కు పెడుతున్నాను. రూలు కొంచెం సడలించాను. ఎవరికీ చెప్పకు.

కాలనీ గేటు దగ్గర నీ ఫ్లెక్సీ ఇంకా ఉంది. 'మన బొగ్గుబావి బిడ్డ ఆకాశానికి' అని యుగేందర్ దగ్గరుండి రాయించినది. అటు పోయినప్పుడల్లా రుక్కి అత్త ఆగి, "మా బిడ్డ గూడ గిట్ల నవ్వితే మంచిగుండు" అంటోంది.

ఆక్లాండు పోయే రోజూ, వచ్చే రోజూ విడివిడిగా రాయి.

నీ క్షేమం లెక్కపెట్టుకుంటూ,
బాపు


దోహా,
జూన్ 26, గురువారం

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి పొట్ట నొప్పి పుట్టింది. భూమిని కుదురు మీద కూర్చోబెట్టినవాడివి నువ్వొక్కడివే.

నువ్వు అడిగినట్టే రాస్తున్నాను. ఇక్కడ సోమవారం రాత్రి తొమ్మిదికి విమానం లేస్తుంది. పదహారు గంటలకు దిగుతుంది. అప్పటికి ఇక్కడ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట, కానీ ఆక్లాండు గడియారం తొమ్మిది గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడ మంగళవారం రాత్రి పది. మాకు అక్కడ రెండు రోజులు విశ్రాంతి. గురువారం రాత్రి పదికి తిరుగు విమానం. వచ్చేటప్పుడు గాలి ఎదురు కాబట్టి పదిహేడున్నర గంటలు. దోహా చేరేసరికి శుక్రవారం పొద్దున ఆరున్నర. ఈ సోమవారం, 30న, పోతున్నాను. రాసుకో.

మొన్న ఒక అవ్వ తగిలింది. కాళేశ్వరం దగ్గరి ఊరు. ఆక్లాండులో ఉన్న తమ్ముడి ఇంట్లో గృహప్రవేశానికి ఒంటరిగా పోతోంది. చక్రాల కుర్చీ రాయించుకుంది. కుర్చీ తీసుకుపోతే చెప్పుల చప్పుడు చేస్తూ చకచకా నడిచి వచ్చి కూర్చుంది. "అవ్వా, నీ కాళ్ళు మంచిగనే ఉన్నయి గద" అంటే, "కాళ్ళు మంచిగనే ఉన్నయి బిడ్డా, ఇంగిలీసు లేదు. కుర్చీల కూసుంటె ఎవలో ఒకలు తోలుకపోతరు గద" అంది. ఎంత తెలివైన మనిషో చూడు!

ఆ అవ్వ సంచిలో గోదావరి నీళ్ళ సీసా ఉంది. తనిఖీ దగ్గర తీసెయ్యమన్నారు. "గంగను తీసెయ్యమంటవా" అని వాళ్ళతో కొట్లాడింది. చివరికి సీసా ఎత్తి సగం తాగి, సగం తల మీద చల్లుకొని, "ఇగ నన్ను ఆపుతవా? గంగ నా లోపలున్నది" అని కుర్చీలో కూర్చుంది. ఆ తనిఖీ అమ్మాయి కూడా నవ్వాపుకోలేకపోయింది. గేటు దాకా అవ్వ నా చెయ్యి వదల్లేదు. అంతదూరం ఒంటరిగా పోవడానికి భయం లేదా అంటే, "పదారు గంటలు కూసునుడే గదనే, నాటేసేటప్పుడు అంతకంటె ఎక్కువనే వంగినం" అంది.

ఇలాంటి వాళ్ళు దొరికిన రోజు నాకు అలసట తెలియదు బాపు.

అమ్మను కుండ సంగతిలో కొంచెం ఓర్చుకోమను.

పోయి, వచ్చి, మళ్ళీ రాసే
ప్రత్యూష


భూపాలపల్లి,
జూలై 8

ప్రియమైన బిడ్డ ప్రత్యూషకు,

జూన్ 30 'పోయింది' రాశాను. జూలై 4 పొద్దున ఆరున్నరకు, మన గడియారంలో తొమ్మిదింటికి, 'వచ్చింది' అని రాసి చాయ్ తాగాను. నువ్వు ఫోను చేసి అమ్మతో "ఇప్పుడే దిగిన" అన్నావట. సరిపోయింది.

కాళేశ్వరం అవ్వ కథ కాలనీలో నలుగురికి చదివి వినిపించాను. అందరూ నవ్వారు. యుగేందర్ మాత్రం ఒక మాట అడిగాడు. "అన్నా, నీళ్ళ సీసాలు ఎక్కకముందే హైదరాబాద్‌ల గుంజుకుంటరు గద. మన బిడ్డ దోహాల ఉండె, ఎట్ల చూసింది?" అని. ఏదో ఉంటుందిలే అన్నాను. అక్కడ కూడా తనిఖీ చేస్తారు కావచ్చు.

ఇప్పుడు నా సంగతి. నవ్వకు. నాకు పాస్‌పోర్టు వచ్చింది. ఏప్రిల్లోనే పెట్టాను, నీకూ మీ అమ్మకూ చెప్పలేదు. విచారణకు వచ్చిన కానిస్టేబులు, "పెద్దాయనా, ఎక్కడికి పోతవు?" అంటే, "ఎక్కడికైనా సరే, మా బిడ్డ నీళ్ళందించే విమానంల పోత" అన్నాను. సంతకం పెట్టి పోయాడు.

నా బతుకంతా బొగ్గుబావి చుట్టూనే తిరిగింది బిడ్డా. ఒక్కసారి మీదికి వచ్చి చూడాలని ఉంది. నువ్వు ఆ ఫ్లెక్సీ మీది నవ్వుతో వచ్చి "ఏం తీసుకుంటారు సార్" అని అడిగితే, నేను "చాయ్" అనాలి. అంతే నా కోరిక. ఆగస్టులో నీ విమానం ఏ రోజులుందో రాయి. మీ అమ్మ పక్కనున్న చెల్పూరు దాకా కారెక్కితేనే వాంతి చేసుకుంటుంది కాబట్టి నేనొక్కడినే వస్తాను.

నీ మొదటి ప్రయాణికుడు,
బాపు


దోహా,
జూలై 17, గురువారం

ప్రియమైన బాపుకు,

నీకు పాస్‌పోర్టు వచ్చిందని చదివి చాలా సంతోషించాను.

కానీ ఆగస్టులో వద్దు బాపు. ఆగస్టులో ఎవరికి ఏ విమానం వేస్తారో ముందుగా తెలియదు. అదీగాక ఆక్లాండులో ఇప్పుడు చలికాలం, నీ దగ్గు ఎక్కువవుతుంది. ఇంట్లో అమ్మ ఒక్కతే అవుతుంది. వచ్చే ఏడాది చూద్దాం.

మొన్న సోమవారం, 14న, మళ్ళీ ఆక్లాండు పోయి వచ్చాను. ఇప్పుడే బట్టలు ఉతుక్కొని ఆరేసి నీకు రాస్తున్నాను. రేపటి నుంచి నన్ను సావో పాలో వైపు మారుస్తున్నారు, బ్రెజిల్‌లో. దాదాపు పన్నెండు వేల కిలోమీటర్లు, పదిహేను గంటలు. అటువైపు గడియారం వెనక్కి పోతుంది. నీ దారానికి కొత్త పని.

ఎక్కువ రాయలేకపోతున్నాను. బయట ఒకటే వాన, ఆరేసిన బట్టలు లోపలికి తేవాలి.

ఉంటాను,
ప్రత్యూష


భూపాలపల్లి,
జూలై 27

ప్రియమైన బిడ్డకు,

గ్లోబు మీద దోహా చుట్టూ పసుపు రంగే ఉంది, ఇసుక అని. జూలైలో అక్కడ వాన పడుతుందా అని బడిలో భూగోళం చెప్పే సారును అడిగాను. పడదన్నాడు. వానను వదిలేద్దాం. వాన మన చేతిలో లేదు.

లెక్క మన చేతిలోనే ఉంది. నువ్వు రాసిన లెక్కే ఇది. సోమవారం 14 రాత్రి ఎక్కితే మంగళవారం రాత్రి ఆక్లాండు. రెండు రోజులు విశ్రాంతి. గురువారం 17 రాత్రి పదికి అక్కడ ఎక్కాలి. దోహా చేరేది శుక్రవారం 18 పొద్దున ఆరున్నరకు. నీ ఉత్తరం మీద గురువారం 17 అని ఉంది, బట్టలు ఉతుక్కొని రాస్తున్నానని ఉంది. కవరు మీద శంషాబాద్ ముద్ర శుక్రవారం 18.

మూడు రోజులు ఈ లెక్క తిరగేసి మరగేసి వేశాను. తప్పు నాదే అయితే బాగుండునని దారం మార్చి కూడా కొలిచాను. లెక్క ప్రకారం, నువ్వు ఈ ఉత్తరం రాసినప్పుడు ఇంకా ఆక్లాండులో ఉన్నావు. నా పుస్తకంలో 'పోయింది' ఉంది, 'వచ్చింది' రాయలేకపోతున్నాను.

మా బావిలో ఒక సాయంత్రం జరిగింది చెప్తాను. షిఫ్టుకు నూట పద్నాలుగు దీపాలు పోయాయి, నూట పదమూడు వచ్చాయి. మేనేజరు "రాత తప్పు పడి ఉంటుంది" అన్నాడు. ల్యాంపు రూము అతను ఒప్పుకోలేదు. "నా రాత తప్పు పడదు సార్, మనిషి లోపలున్నడు" అని కిటికీ ముందు నుంచి కదల్లేదు. మళ్ళీ మనుషుల్ని దింపారు. ఒక కుర్రకూలీ కాలు మడతపడి, లేవలేక, పిలిస్తే నవ్వుతారని సిగ్గుపడి, ఒక మూలన దీపం ఆర్పుకొని కూర్చున్నాడు. దెబ్బ చిన్నదే. సిగ్గుకే అంతసేపు చీకట్లో కూర్చున్నాడు. పైకి తెచ్చాక ఎవరూ ఒక్క మాట అనలేదు.

నేను కోపంగా లేను బిడ్డా. మీ అమ్మకు చెప్పలేదు. కారణాలు రాయకపోయినా పర్వాలేదు. దీపం ఎక్కడుందో ఒక్క ముక్క రాయి చాలు. ఈ నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు.

కిటికీ దగ్గరే ఉన్న
బాపు


శంషాబాద్,
ఆగస్టు 3

ప్రియమైన బాపుకు,

ఈరోజు గురువారం కాదు, ఆదివారం. నాలుగు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను.

నేను దోహాలో లేను. ఎప్పుడూ లేను. శంషాబాద్‌లో షారోన్ గదిలో ఉన్నాను. విమానం ఇంతవరకు ఒక్కసారి కూడా ఎక్కలేదు బాపు.

జనవరిలో నన్ను మీరంతా బస్సెక్కించిన మర్నాడే, ఉద్యోగంలో చేరే ముందు చేసే వైద్యపరీక్ష. అన్నీ బాగున్నాయి, చెవి చూశారు. ఎడమ చెవి పొరకు పాత చిల్లు ఉందట. విమానం పైకి లేచి దిగే ఉద్యోగానికి పనికిరానన్నారు. జనగామ హాస్టల్లో ఏడో తరగతిలో చెవి కారింది. ఇంటికి పంపిస్తే పరీక్ష పోతుందని మేడంకు చెప్పలేదు. నీకు రాసిన ఉత్తరాల్లో కూడా బాగున్నాననే రాశాను. దాని ఫలితం ఇది.

బయటకు వచ్చి ఫోను చూస్తే నువ్వు పంపిన ఫోటో. నా ఫ్లెక్సీ కింద నువ్వు, అమ్మ, రుక్కి అత్త, యుగేందర్ కాకా, అందరూ మిఠాయి చేత పట్టుకొని. ఆ ఫోటోకు ఏం జవాబు ఇవ్వను? "థాంక్యూ బాపు" అని పెట్టాను. అక్కడ మొదలైంది.

మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. షారోనే లేపి, "ఇట్ల పండుకుంటె చెవి మంచిగైతదా? లే" అని తన దగ్గరే పనికి పెట్టించింది. చక్రాల కుర్చీ తోసే పని. ద్వారం దగ్గర ఎక్కించుకొని, తనిఖీలు దాటించి, విమానం తలుపు దాకా తీసుకుపోతాను. అక్కడ వదిలి ఖాళీ కుర్చీతో వెనక్కి వస్తాను. కాళేశ్వరం అవ్వ నిజమే బాపు. అవ్వ మాటలన్నీ నిజమే. నేను మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆక్లాండు గంటలు, సావో పాలో గంటలు అన్నీ ప్రయాణికుల టికెట్లు చూసి నేర్చుకున్నవి.

ఏప్రిల్లో ఒకసారి చెప్పేద్దామని బయలుదేరాను. హనుమకొండ బస్టాండులో భూపాలపల్లి బస్సు కిటికీలో యుగేందర్ కాకా కనిపించాడు. "అగో, విమానం బిడ్డ" అంటాడని భయమేసి, తిరిగి హైదరాబాద్ బస్సెక్కాను.

నువ్వు ముప్ఫై ఏళ్ళు భూమి కిందికి దిగావు, భయం అనే మాట మన ఇంట్లో వినలేదు. నీ కూతురిగా నాకు ఈ చిన్న అవమానం మోయడం చేతకాలేదు. నీ చాయ్ కోరిక చదివిన రోజు చాలా ఏడ్చాను. ఎవరేమనుకున్నా నాకు పర్వాలేదు బాపు. నువ్వు నా మాట ఇంకెప్పుడూ నమ్మవేమోనన్నదే నా భయం.

దీపం ఇక్కడుంది.

నీ
ప్రత్యూష


భూపాలపల్లి,
ఆగస్టు 9

ప్రియమైన బిడ్డ ప్రత్యూషకు,

ఉత్తరం చదివాను. మీ అమ్మకు చదివి వినిపించాను. ఆమె కొంచెంసేపు ఏడ్చి, తర్వాత నన్ను తిట్టింది. "నువ్వు చెప్పవలసింది నువ్వు చెప్పినవా, పిల్లను అంటవు" అంది. ఆమె మాట న్యాయమే కాబట్టి చెప్తున్నాను.

నేను భూమి కిందికి ముప్ఫై ఏళ్ళు దిగలేదు. నాలుగేళ్ళే దిగాను. నీకు రెండేళ్ళప్పుడు నాకు పది అడుగుల దూరంలో పైకప్పు కూలింది. నాకు గీత కూడా పడలేదు. మర్నాడు దిగే చోటికి పోతే కాళ్ళు కదల్లేదు. మూడు రోజులు పోయాను, మూడు రోజులూ తిరిగి వచ్చాను. నాలుగో రోజు పెద్దసారు దగ్గర నిలబడి "నాకు భయమైతుంది సార్" అన్నాను. ల్యాంపు రూములో వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే. నూట పదమూడు దీపాలు చూసి కిటికీ ముందు నుంచి కదలని మనిషిని నేనే.

ఇది మీ అమ్మకు తెలుసు. యుగేందర్‌కు తెలుసు. కాలనీలో మేకలకు కూడా తెలుసు. నీకు ఒక్కదానికే తెలియదు. నీకు ఏడేళ్ళప్పుడు బడిలో "మా బాపు భూమి లోపలికి పోతడు, ఆయనకు భయం లేదు" అని చెప్పి చప్పట్లు కొట్టించుకొని వచ్చావు. ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. తర్వాత నువ్వు జనగామ పోయావు, ఉత్తరాల్లో అడిగావు, నేను కింది సంగతులే రాశాను. పైకి వచ్చినవాళ్ళు కిటికీ దగ్గర చెప్పినవి విని రాశాను. నువ్వు టికెట్లు చూసి ఆక్లాండు రాసినట్టే.

భయపడ్డానని కూతురికి చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళ పైనే పట్టింది. నీకు ఏడు నెలలు పట్టింది. ఎంతైనా నీది విమానం వేగమే.

నీ ఉద్యోగం గురించి ఒక మాట. దిగేవాడిని అందరూ చూస్తారు. దిగేవాడి ముఖం చివరిసారి చూసేదీ, ఎక్కినవాడి ముఖం మొదట చూసేదీ ల్యాంపు రూము వాడు. దేశం దాటే ముందు ఆ అవ్వ పట్టుకున్న ఆఖరి చెయ్యి నీది. అది చిన్న పని అని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు. చెవి సంగతి వేరు. ఈసారి దవాఖానకు నేను వెంట వస్తాను, బాగున్నానని రాస్తే నమ్మను.

నీ మాట నమ్ముతానా అని అడిగావు. అబద్ధం రాసేటప్పుడు కూడా గురువారం తప్పలేదు నువ్వు. అందుకే దొరికావు. అట్లాంటి మనిషిని నమ్మకపోతే ఎవరిని నమ్మాలి?

ఫ్లెక్సీ గురించి పరేషాన్ పడకు. జూలై గాలివానకు సగం చిరిగింది. మిగిలిన సగం రుక్కి అత్త బర్రెల కొట్టం మీద కప్పుకుంది. నీ ముఖం ఉన్న వైపు లోపలికి వచ్చింది. ఇప్పుడు బర్రెలు చూస్తున్నాయి, అవి ఏమీ అడగవు. యుగేందర్‌కు నేనే చెప్పాను. "నీళ్ళ సీసా కాడనే నాకు సమజైంది అన్నా" అన్నాడు.

పాస్‌పోర్టు బీరువాలో ఉంది. ఎప్పుడో ఒకరోజు నేనూ ఎక్కుతాను. అప్పుడు నాకు కుర్చీ రాయించు. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఇంగ్లీషు లేదు. నువ్వు తలుపు దాకా తోసి లోపలికి పంపించు, తిరిగి వచ్చేసరికి అక్కడే నిలబడు. చాయ్ మనం బయటకొచ్చాక తాగుదాం.

గ్లోబు మీద భూపాలపల్లి నుంచి శంషాబాద్‌కు దారం పెట్టాను. నా చిటికెన వేలి గోరులో సగం కూడా రాలేదు. ఏడు నెలలు ఈ సగం గోరు దూరంలో ఉండి నువ్వు పద్నాలుగున్నర వేల కిలోమీటర్ల ఉత్తరాలు రాశావు.

ఈ ఉత్తరం నీకు చేరడానికి టైం ఇచ్చి, 21వ తేదీ గురువారం వస్తున్నాను. పొద్దున ఆరింటి బస్సు, హనుమకొండలో మారాలి, జనగామ మీదుగా ఉప్పల్, అక్కడి నుంచి శంషాబాద్. ఏడు గంటలు. ఆ గురువారం నువ్వు ఉత్తరం రాయకు. మీ అమ్మ సకినాలు చేస్తోంది, షారోన్‌కు కూడా. కుండ మళ్ళీ కుదురు మీదికి ఎక్కింది, భూగోళం బియ్యం డబ్బా మీద ఉంది.

జూలై 14 వరుసలో 'వచ్చింది' గడి ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వు ఇక్కడున్నానని రాసినా టిక్కు పెట్టలేదు. ఒకసారి రూలు సడలించి చూశాను, ఏమైందో చూశావుగా. ముఖం చూసి, చేతి నుంచి అందుకున్నాకే పెడతాను. పుస్తకమూ పెన్నూ సంచిలో పెట్టుకున్నాను. ఒంటిగంటకు విమానాశ్రయం గేటు దగ్గర నిలబడు.

నీ ల్యాంపు రూము బాపు,
రాజయ్య